పుల్‌మన్ గారూ, లైరా ఆ దేవదూత మాట ఎందుకు నమ్మింది?

సర్ ఫిలిప్ పుల్‌మన్ గారికి,

హైదరాబాదు నుంచి రాస్తున్నాను. మీకు తెలుగు రాదు, నాకు మీ ఇంటి చిరునామా తెలీదు. కాబట్టి ఈ ఉత్తరం మీకంటే ముందు తెలుగు పాఠకులకే అందుతుంది. అందనివ్వండి. మీ మూడు పుస్తకాల మీద మాలో మొదలైన తగువు ఇంకా తెగలేదు. తీర్పు చెప్పమని రాయడం లేదు, తగువు ఎక్కడ ముడిపడిందో మీకు తెలియాలని రాస్తున్నాను.

మా అపార్ట్‌మెంట్లో కొన్ని కుటుంబాలవాళ్ళం ఆదివారం సాయంత్రాలు కూర్చుని ఏదో ఒక పుస్తకం చదువుకుంటాం. ఆరో తరగతి పిల్లల దగ్గర్నుంచి రిటైరైన తెలుగు మాస్టారి దాకా ఉన్నారు. చదివేది ఇంగ్లిషులో, పోట్లాడుకునేది తెలుగులో. ఇంగ్లిషు మీడియం పిల్లలు పేజీలు గబగబా తిప్పేస్తారు. పెద్దవాళ్ళం ఆగి ఆగి చదువుతాం. మాట అర్థం కాకపోతే మేం పిల్లల్ని అడుగుతాం. మిల్టన్ ఎవరు, ఈయనకి చర్చి మీద అంత కోపం ఎందుకు అని వాళ్ళు మమ్మల్ని అడుగుతారు. ఈ ఇచ్చిపుచ్చుకోవడం మీ పుస్తకాలతో సాగినంత హాయిగా ఇంకే పుస్తకంతోనూ సాగలేదు.

మిగతా పాఠకుల కోసం నాలుగు మాటలు. 'హిజ్ డార్క్ మెటీరియల్స్' మూడు నవలలు. 'నార్తర్న్ లైట్స్' 1995లో, 'ది సటిల్ నైఫ్' 1997లో, 'ది యాంబర్ స్పైగ్లాస్' 2000లో వచ్చాయి. మనకి తెలిసిన ఆక్స్‌ఫర్డ్‌లాగే ఉండి అది కాని ఇంకో లోకపు ఆక్స్‌ఫర్డ్‌లో, జోర్డన్ కాలేజీ పైకప్పుల మీద తిరుగుతూ పెరిగిన లైరా కథ ఇది. ఆ లోకంలో మనిషి ప్రాణంలో సగం జంతువు రూపంలో పక్కనే తిరుగుతూ ఉంటుంది. దాన్ని డీమన్ అంటారు. మాయమైన స్నేహితుడు రోజర్‌ని వెతుక్కుంటూ లైరా ఉత్తరానికి వెళ్తుంది. రెండో పుస్తకంలో మన లోకపు కుర్రాడు విల్ వస్తాడు. గాలిని కోసి ఒక లోకంలోంచి ఇంకో లోకంలోకి కిటికీ తెరిచే కత్తి అతని చేతికి చిక్కుతుంది. మూడో పుస్తకం చచ్చిపోయినవాళ్ళ లోకం దాకా, దేవుడిగా చెలామణీ అయినవాడి చావు దాకా పోతుంది. ఈ ఉత్తరంలో కథ చివరికంటా చెప్పేస్తున్నాను. చదవనివాళ్ళు ఇక్కడే ఆగి, ఆ మూడూ పూర్తిచేసి రావచ్చు. 2017లో మొదలై 2025లో 'ది రోజ్ ఫీల్డ్'తో ముగిసిన మీ 'బుక్ ఆఫ్ డస్ట్' జోలికి మాత్రం పోను. అందులో చివరి రెండింటికి వచ్చేసరికి లైరా ఇరవయ్యేళ్ళది, మా పిల్లలు ఇంకా అంత దూరం రాలేదు.

డీమన్ గురించి చదివిన ఎవరైనా మొట్టమొదట అడిగేది ఒకటే కదా, నాదైతే ఏ జంతువు అయ్యుండేది అని. మా దగ్గరా అదే జరిగింది. పెద్దవాళ్ళం తెలివిగా, కాస్త మొహమాటంగా, ఎవరికి వాళ్ళం మంచి జంతువునే ఎంచుకున్నాం. ఒకాయన డేగ అన్నాడు. ఆయన భార్య పక్కకి తిరిగి నవ్వుకుంది. పిల్లలు మాత్రం వారానికో జంతువు చెప్పారు, పోయిన వారం చెప్పింది గుర్తుచేస్తే విసుక్కున్నారు. మీ లోకంలో పిల్లల డీమన్లు క్షణానికో రూపం మార్చుకుని, పెద్దవగానే ఒక్క రూపంలో నిలిచిపోతాయని రాశారే, అది ఎవరూ నేర్పకుండానే మా గదిలో జరిగిపోయింది. ఓడలో ముసలి నావికుడు లైరాకి చెప్పే సంగతి చదివినప్పుడు ఒక పదో తరగతి కుర్రాడు ముఖం మాడ్చుకున్నాడు. డీమన్ డాల్ఫిన్‌గా నిలిచిపోయిన ఒక మనిషి ఇక ఎప్పటికీ నేల మీదికి రాలేకపోయాడని ఆ నావికుడు చెప్తాడు. మా కుర్రాడు, "అంటే ఇంటర్‌లో ఎంపీసీ తీసుకున్నట్టా?" అన్నాడు. వాళ్ళ నాన్న అక్కడే ఉన్నాడు. ఆ సాయంత్రం పుస్తకం ముందుకి సాగలేదు.

ఇక రోజర్.

మొదటి పుస్తకం చివర ఆకాశానికి వంతెన వేయడానికి లైరా తండ్రి లార్డ్ ఏస్రియల్‌కి అంతులేని శక్తి కావాలి. ఒక పిల్లాడినీ అతని డీమన్‌నీ విడగొడితే ఆ శక్తి పుడుతుంది. విడగొడతాడు. రోజర్ చచ్చిపోతాడు. తండ్రికి ఆయన అడగని సాయం చేద్దామని అంత దూరం వెళ్ళిన లైరాయే రోజర్‌ని ఆ కత్తివేటు దగ్గరికి తీసుకెళ్ళినట్టయింది. 2007లో క్రిస్ వైట్జ్ తీసిన సినిమాలో ఈ చివరి అధ్యాయాలు లేవు. రోజర్ బతికే ఉంటాడు, అందరూ ఆశగా ఆకాశంలో సాగిపోతుంటారు. 2019లో మొదలైన బీబీసీ సీరియల్లో మళ్ళీ పెట్టారు. సినిమావాళ్ళు పిల్లలు తట్టుకోలేరనుకున్నారేమో నాకు తెలీదు. మా పిల్లలు మాత్రం సినిమా చూసి కోప్పడ్డారు. తట్టుకోవడం సంగతి తర్వాత, రోజర్ చావకపోతే లైరా చచ్చిపోయినవాళ్ళ లోకానికి ఎందుకు వెళ్తుంది అని అడిగారు. నిజమే. మూడో పుస్తకంలో ఆమె తన డీమన్‌ని సైతం ఒడ్డున వదిలేసి ఆ పడవెక్కింది రోజర్‌కి క్షమాపణ చెప్పడానికి.

పెద్దవాళ్ళకీ పిల్లలకీ మొదట తేడా వచ్చింది ఇక్కడే. మూడో పుస్తకంలో ఏస్రియల్ స్వర్గసామ్రాజ్యం మీద యుద్ధం ప్రకటిస్తాడు, లోకాల నుంచి సైన్యాలు కూడగడతాడు, కట్టకడపట లైరా తల్లి మిసెస్ కోల్టర్‌తో కలిసి, దేవుడి పేరున ఏలుతున్న దేవదూత మెటట్రాన్‌ని అగాధంలోకి లాగి తనూ పడిపోతాడు. పెద్దవాళ్ళం మురిసిపోయాం. తిరుగుబాటు అన్నాం, ప్రాయశ్చిత్తం అన్నాం, మాస్టారు మిల్టన్ సైతానుని ఎత్తుకున్నారు. పిల్లలది ఒకటే మాట: రోజర్‌కి సారీ చెప్పాడా? చెప్పలేదు. అయితే అగాధంలో పడితే పడ్డాడు. ఎంత గొప్ప యుద్ధం చేసినా వాళ్ళ ఖాతాలో ఆ బాకీ తీరలేదు. పెద్ద లక్ష్యం కనబడితే చిన్న శవాన్ని పక్కన పెట్టేయడం పెద్దవాళ్ళకి అలవాటైన విద్య. మీరు ఎవరి పక్షాన రాశారో నాకు అనుమానం లేదు, ఎందుకంటే రోజర్‌ని మీరు మర్చిపోలేదు. అయినా ఏస్రియల్‌కి అంత అందం ఇచ్చి మమ్మల్ని పడగొట్టింది కూడా మీరే.

చర్చి సంగతి త్వరగా ముగిస్తాను. అమెరికాలో క్యాథలిక్ లీగ్ మీ సినిమాని బహిష్కరించమని పిలుపిచ్చింది. మీ దేశంలో అప్పటి కాంటర్‌బరీ ఆర్చిబిషప్ రోవన్ విలియమ్స్ మాత్రం మీ పుస్తకాల మీద నేషనల్ థియేటర్ వేసిన నాటకాన్ని మెచ్చుకుని, 2004లో అక్కడే మీతో వేదిక మీద కూర్చుని మాట్లాడారు. మా బృందంలో ఒక నర్సు ఉంది, ప్రతి ఆదివారం పొద్దున చర్చికి వెళ్ళి సాయంత్రం మా దగ్గరికి వచ్చే మనిషి. దేవుడిగా చెలామణీ అయిన ఆ అథారిటీ చావు వచ్చినప్పుడు ఆమె ఏమంటుందోనని అందరం ఆమె వైపే చూశాం. గాజుపెట్టెలో, వణికిపోతూ, బుద్ధి చలించి ఏడుస్తున్న ముసలివాణ్ణి చూసి, వాడెవడో కూడా తెలియని ఇద్దరు పిల్లలు జాలిపడి పెట్టె తెరుస్తారు. గాలి తగలగానే అతను తేలిగ్గా కరిగిపోతాడు. "వెంటిలేటర్ తీసినప్పుడు ఇట్లనే ఉంటది" అందామె. "ఈయన నా దేవుడు కాదు, నా పేషెంటు." మతం గురించి ఆ తర్వాత మేం వాదించుకున్నవేవీ ఆ మాటకి సరితూగలేదు.

పుస్తకం ఎవరిదన్న ప్రశ్న మీకు కొత్త కాదు. 'నార్తర్న్ లైట్స్' పిల్లల పుస్తకంగా కార్నెగీ పతకం గెలిచింది. 2007లో డెబ్బయ్యేళ్ళ విజేతల్లోంచి పాఠకులు దాన్నే మేటిగా ఎన్నుకున్నారు. 'యాంబర్ స్పైగ్లాస్' 2001 సంవత్సరానికి విట్‌బ్రెడ్ వారి ఆ ఏటి ఉత్తమ గ్రంథమైంది. పెద్దల పుస్తకాలన్నిటినీ దాటి ఆ బహుమతి ఒక పిల్లల పుస్తకానికి రావడం అదే మొదలు. 2003లో బీబీసీ జనాన్ని అడిగినప్పుడు 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్', 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' తర్వాత మీ మూడు పుస్తకాల పేరే చెప్పారు. పెద్దల నవలల్లో పట్టనంత పెద్ద విషయాలు కొన్ని ఉంటాయి, అవి పిల్లల పుస్తకాల్లోనే పడతాయని కార్నెగీ పతకం అందుకుంటూ మీరు అన్నారు కూడా. 2008లో బ్రిటన్ ప్రచురణకర్తలు పిల్లల పుస్తకాల అట్టల మీద 5 ఏళ్ళు దాటినవాళ్ళకి, 7 దాటినవాళ్ళకి, 9, 11, 13 అని ముద్రలు వెయ్యబోతే మీరు ముందు నిలబడి వ్యతిరేకించారు, వందలమంది రచయితలు మీతో చేతులు కలిపారు. దానికి మా తరఫున ఆలస్యంగా ఒక దండం.

మాకు ఈ వయసుల పట్టింపు పాతకాలంలో అంతగా ఉండేది కాదు. 1947లో మొదలైన 'చందమామ' పిల్లల పత్రికే. కానీ దాసరి సుబ్రహ్మణ్యం గారి 'తోకచుక్క', 'రాకాసిలోయ' లాంటి సీరియళ్ళు వచ్చే రోజుల్లో పత్రిక ఇంటికి రాగానే ముందు ఎవరు లాక్కుంటే వాళ్ళది, తాతయ్యలతో సహా. ముద్ర వేసి ఉంటే తాతయ్య చాటుగా చదవాల్సి వచ్చేది.

వయసు గురించి పెద్దవాళ్ళు పిల్లల తరఫున తీసుకునే నిర్ణయం ఎలాంటిదో మాకు అనుకోకుండా తెలిసింది. మా దగ్గర మూడో పుస్తకం కాపీలు కొన్ని ఇక్కడ కొన్నవి, ఒకటి డల్లాస్ నుంచి ఒకరి అక్క తెచ్చింది. మన లోకపు శాస్త్రవేత్త మేరీ మలోన్ తన పాత ప్రేమ గురించి చెప్తున్నప్పుడు, వింటున్న లైరా ఒంట్లో ఏదో కొత్తగా కదిలే ఘట్టం ఉందే, అక్కడ అమెరికా కాపీలో కొన్ని వాక్యాలు లేవు. ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు, నా పేజీలో అది లేదే అన్నారు. పిల్లలకి ఆ వాక్యాలు చదివినప్పుడు ఏమీ కాలేదు. కత్తిరించారని తెలిసినప్పుడు మాత్రం అవమానం అనిపించింది. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకత్తె ఆ వాక్యాలన్నీ కాగితం మీద రాసి, అమెరికా కాపీలో ఆ పేజీ దగ్గర అంటించింది.

ఆ అమ్మాయి ప్రశ్నే ఈ ఉత్తరానికి కారణం.

చివరికి వద్దాం. విల్, లైరా ప్రేమించుకున్నారు. ఎరుకకి ప్రాణమైన డస్ట్ అనే కణాలు లోకాల్లోంచి కారిపోవడం ఆగింది. అప్పుడు తెలుస్తుంది కిటికీలన్నీ మూసెయ్యాలని. కత్తి గాలిని కోసినప్పుడల్లా, పెద్దవాళ్ళ ప్రాణసారాన్ని తినేసే స్పెక్టర్ ఒకటి పుడుతుంది, తెరిచిన ప్రతి కిటికీలోంచి డస్ట్ పోతుంది. పరాయి లోకంలో ఎవరూ ఎక్కువకాలం బతకలేరు, విల్ తండ్రి పదేళ్ళలో జబ్బుపడ్డాడు. ఒక్క కిటికీ మాత్రం ఉంచవచ్చు, కానీ చచ్చిపోయినవాళ్ళు తమ చెర నుంచి బయటపడటానికి అది కావాలి. కాబట్టి ఎవరి లోకానికి వాళ్ళు. ఏటా ఒకసారి, నడివేసవి రోజు మధ్యాహ్నం, ఆక్స్‌ఫర్డ్ బొటానిక్ గార్డెన్‌లో ఒకే బెంచీ మీద, వేర్వేరు లోకాల్లో, ఒక గంట కూర్చోవడం తప్ప ఇంకేం మిగల్లేదు. 1621 నాటి ఆ తోటలో నిజంగానే ఆ బెంచీ ఉంది. మీ పాఠకులు ఎక్కడెక్కడి నుంచో వెళ్ళి కూర్చుంటున్నారు. దాని వెనక ఇద్దరి డీమన్లకీ లోహపు శిల్పం కూడా పెట్టారు. మా మాస్టారి మనవడు అక్కడికి వెళ్ళి ఫొటో పంపితే, ఆయన ఫోన్ అందరికీ చూపించి కళ్ళు తుడుచుకున్నారు. పెద్దవాళ్ళం ఇంచుమించు అందరం తుడుచుకున్నాం.

అప్పుడు ఆ అమ్మాయి అడిగింది: "వాళ్ళు ఎందుకు నమ్మారు?"

ఆమె వాదన మీ ముందు పెడతాను. మొదటి పేజీల నుంచీ లైరా పెద్దవాళ్ళ మాట వినని పిల్ల. వెళ్ళొద్దన్న గదిలోకి వెళ్ళి అల్మారాలో దాక్కుంటుంది. మిసెస్ కోల్టర్ ఇంట్లోంచి పారిపోతుంది. ఎలుగురాజునే అబద్ధంతో బోల్తా కొట్టించి పేరు తెచ్చుకుంది. ఎవరేం చెప్పినా, గుర్తులతో నిజం చెప్పే అలెథియోమీటర్ అనే యంత్రాన్ని తీసి సరిచూసుకుంటుంది. మూడు పుస్తకాల పొడుగునా మీరు మాకు చెప్పింది అదే, మీ మేలు కోసమే అని పైనుంచి ఎవడైనా ఆజ్ఞ వేస్తే అనుమానించమని. అలాంటి పిల్ల దగ్గరికి చివర్లో జఫానియా అనే దేవదూత వచ్చి, మీ మేలు కోసమే, లోకాల మేలు కోసమే విడిపోండి అంటే తలవంచుతుంది. పైగా సరిగ్గా ఆ సమయానికే అలెథియోమీటర్ చదివే విద్య ఆమెకి పోతుంది. వేరే దారి ఉందేమో చూద్దామని తీస్తుంది, గుర్తులు పలకవు. "సాక్ష్యం చూసే మిషన్ పాడైన రోజే తీర్పు చెప్పారు" అంది మా అమ్మాయి. వాళ్ళమ్మ లాయరు.

మేం ఊరుకోలేదు. స్పెక్టర్లని వాళ్ళు కళ్ళారా చూశారు కదా అన్నాం. విల్ తండ్రి సంగతి తెలుసు కదా. జఫానియా మామూలు దేవదూత కూడా కాదు, మొదటి దేవదూత తానే సృష్టికర్తనని చెప్పుకున్న అబద్ధాన్ని కనిపెట్టి వెలి అయినది ఆమేనని పుస్తకం సూచిస్తుంది. అబద్ధం పట్టుకున్నవాళ్ళ మాటకి విలువ ఉండొద్దా? నర్సు ఇంకో సంగతి పట్టుకుంది, నాకు అందరికంటే నచ్చింది. తను చెయ్యాల్సిన పని ఏమిటని జఫానియాని అడిగి, వెంటనే వద్దు, చెప్పొద్దంటాడు విల్. నా పని నేను ఎంచుకుంటాను అంటాడు. అంటే ఆమె దగ్గర విషయం తెలుసుకున్నారు గానీ ఆజ్ఞ తీసుకోలేదు. ఈ తేడా కోసమే మీరు ఆ సంభాషణ అక్కడ పెట్టి ఉంటారని నా నమ్మకం.

అమ్మాయి కాసేపు ఆలోచించి లెక్కలోకి దిగింది. మనుషులు మంచిగా, కుతూహలంగా, ఓపిగ్గా బతికితే కొత్త డస్ట్ పుడుతుంది, ఒక కిటికీలోంచి పోయేంత నష్టం దానితో పూడుతుంది అని జఫానియాయే చెప్తుంది కదా. అయితే రెండో కిటికీకి సరిపడా ఇంకొంచెం మంచిగా, ఇంకొంచెం కుతూహలంగా ఉంటాం అనొచ్చుగా? కనీసం అడగొచ్చుగా? యుద్ధాలు చేసినవాళ్ళు, చావులోకంలోంచి దారి తవ్వినవాళ్ళు ఈ ఒక్క బేరం ఎందుకు ఆడలేదు?

గదిలో ఎవరి దగ్గరా జవాబు లేదు. మాస్టారే చివరికి అన్నారు, బేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేస్తాడు గానీ జవాబు విక్రమార్కుడికి వదిలేస్తాడు, ఈయన ప్రశ్న తనే పుట్టించి జవాబు కూడా దేవదూత చేత చెప్పించేశాడు, పిల్ల పట్టుకున్న తప్పు అదే అని. అంతకుముందు ఫొటో చూసి కళ్ళు తుడుచుకున్నది ఆయనే.

అప్పటి నుంచీ నన్ను తొలుస్తున్నది ఇది. మేం ఆ నియమాన్ని పరీక్షించకుండా ఎందుకు దాటేశాం? చదువు తక్కువై కాదు. మాలో ప్రతి ఒక్కరికీ మూసేసిన కిటికీ ఒకటుంది. పెళ్ళి చేసుకోలేకపోయిన మనిషి, వీసా వచ్చి వెళ్ళిపోయిన కొడుకు, ఆసుపత్రిలో వదిలి వచ్చిన తల్లి. వియోగం తప్పదని మీరు చెప్పకముందే మాకు తెలుసు. కాబట్టి మీ కారణాలు బలంగా ఉన్నాయో లేదో చూడనే లేదు, మా కారణాలు అక్కడ పెట్టుకుని ఏడ్చాం. ఆ అమ్మాయికి అలాంటి నిల్వ ఇంకా లేదు. ఆమె దగ్గర ఉన్నది మీరు రాసిన పేజీ ఒక్కటే, ఆ పేజీనే చదివింది. చిన్నతనంలో విద్య దయగా వస్తుంది, పెద్దయ్యాక కష్టపడి సంపాదించుకోవాలి, అలా వచ్చినదే లోతైనది అని మీరు అలెథియోమీటర్ గురించి రాశారు. జర్మన్ రచయిత క్లైస్ట్ వ్యాసం నుంచి ఆ ఆలోచన పుట్టిందని పుస్తకం చివర ఆయనకి ధన్యవాదాలు కూడా చెప్పారు. మా గదిలో అది తిరగబడింది. కష్టపడి, వాక్యం వాక్యం పట్టి చదివింది పిల్ల. కన్నీళ్ళ దయ మీద తేలిపోయింది మేం.

ముగింపు మార్చి ఉండాల్సిందని నేను అనడం లేదు. విల్, లైరా కలిసి బతికేస్తే ఆ పుస్తకాన్ని ఇన్నేళ్ళు ఎవరూ మోసేవాళ్ళు కాదు. నా ఫిర్యాదు చిన్నది: నియమం కాస్త ఆలస్యంగా వచ్చింది, కాస్త ఎక్కువ బిగుతుగా వచ్చింది, కుర్చీలో కూర్చున్న దేవుణ్ణి దించేసిన పుస్తకంలో రెక్కలున్న మనిషి నోటినుంచి వచ్చింది. రెండో కిటికీ సంగతి లైరా ఒక్కసారి అడిగి, కాదనిపించుకుని ఉంటే నాకు చాలు. మా అమ్మాయికి అదీ చాలదట, కాదన్న లెక్క చూపించాలట.

మీరు ఒకప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లో బడిపంతులు. పిల్లలకి హోమర్ కథలు పుస్తకం చూడకుండా చెప్పేవారట. బడి నాటకాలు రాసి, తల్లిదండ్రుల్నీ పిల్లల్నీ ఒకేసారి ఆకట్టుకోవడం నేర్చుకున్నారట. ఇలాంటి ప్రశ్న అప్పట్లో తరగతిలో ఎవరో ఒకరు లేచి అడిగే ఉంటారు, మీరు వాళ్ళని కూర్చోమని అని ఉండరు. రచయిత మాటే ఆఖరి మాట కాదని, చదువు ప్రజాస్వామ్యం లాంటిదని మీరు చాలాసార్లు చెప్పారు కాబట్టి మాకు మీ వివరణ అక్కర్లేదు. మా వాదన మాకుంది, వచ్చే ఆదివారానికి లాయరమ్మ కూడా దిగుతానంటోంది. ఒకవేళ జవాబు రాయాలనే అనిపిస్తే నాకు కాకుండా ఆ ఎనిమిదో తరగతి అమ్మాయికి రాయండి. లెక్కతో సహా.

ఇట్లు
మీ పాఠకుడు
హైదరాబాదు